బొప్పాయి, రింగ్ స్పాట్ వైరస్: పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా బొప్పాయి తోటలో ఆకులు పసుపు కలిసి ముడుచుకుంటున్నాయి, కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు. హవాయిలో ఈ తెగులు రాని రకం ఉందట. ఆ విత్తనం తెప్పించుకోవచ్చా?
– ఒక రైతు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జ: వద్దండి. ఇవి రింగ్ స్పాట్ వైరస్ లక్షణాలే. మీరు విన్న 'రెయిన్‌బో' రకం 1998లో హవాయి రైతుల చేతికొచ్చింది. అందులో వైరస్ పైతొడుగు ప్రోటీన్ జన్యువును చేర్చారు. దాన్నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏను (జన్యువు నకలును) మొక్క 21–24 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) తునకలుగా నరికి గుర్తుపెట్టుకుంటుంది. అదే వరుస వైరస్‌లో కనబడితే దాన్నీ నరుకుతుంది. అక్షరాలు కలవకపోతే ఈ రక్షణ పనిచేయదు. జన్యువు ఒక్క ప్రతే ఉన్న రెయిన్‌బో, బయటి దేశాల వైరస్ రకాల ముందు నిలవలేదు. పైగా అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం మన దేశంలో నాటడం నేరం.

నారును సన్నటి వల కింద పెంచండి. బొప్పాయి నాటే నెల ముందే తోట చుట్టూ రెండు మూడు వరుసల మొక్కజొన్న వేయండి. దోస, గుమ్మడి పాదులు పక్కన వద్దు. తెగులు చెట్టును కనిపించిన రోజే పీకేయండి. ఈ వైరస్‌ను మోసే పేనుబంకకు మందు కొట్టి లాభం తక్కువ: అది ఆకును గుచ్చిన కొన్ని సెకన్లలోనే వైరస్ అంటిస్తుంది, చచ్చేది ఆ తర్వాత.

ప్ర: మన దగ్గరి వైరస్‌కే హెయిర్‌పిన్ (తన మీద తానే మడతపడే ఆర్‌ఎన్‌ఏను ఇచ్చే జన్యు నిర్మాణం) కడితే? ఎక్కడ దెబ్బతింటుంది?
– ఒక విద్యార్థి, బరంపురం

జ: దారి అదే. ముందు మీ చుట్టుపక్కల తోటల నుంచి వైరస్ నమూనాలు సేకరించి, అన్నిటిలోనూ మారని 300–500 అక్షరాల భాగం ఎంచుకోండి. అందులో 21 అక్షరాల వరుస ఏదీ బొప్పాయి సొంత జన్యువులతో కలవకూడదు. ఇది చూడడం సులువే: బొప్పాయి జీనోమ్‌ను (మొత్తం జన్యు వరుసను) 2008లో, రెయిన్‌బో తల్లిదండ్రుల్లో ఒకటైన 'సన్‌అప్' రకంలోనే చదివారు. ఆ ముక్కను ఒకసారి సూటిగా, ఒకసారి తిరగేసి, మధ్యలో ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తర్వాత కత్తిరించబడే ముక్క) పెట్టి, 35ఎస్ ప్రమోటర్ (జన్యువును పనిచేయించే మీట) కింద కట్టండి.

ఇంట్రాన్ లేకపోతే, ఈ నిర్మాణాన్ని పెంచే ఇ.కోలై బ్యాక్టీరియా ఈ అద్దపు జంటను తరచూ కత్తిరించేస్తుంది. ఇంట్రాన్ ఉన్నా సరే, తిరగేసిన వరుసలను నిలిపే ఇ.కోలై రకం వాడి, ప్రతి ప్లాస్మిడ్‌నూ (నిర్మాణాన్ని మోసే డీఎన్‌ఏ వలయాన్ని) డీఎన్‌ఏను కోసే రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోసి పొడవు చూడండి. చాలామంది ఇక్కడే ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

మొక్కలో పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష)లో జన్యువు కనబడినంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. నార్దర్న్ బ్లాట్ (ఆర్‌ఎన్‌ఏ పరీక్ష)లో ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలు కనబడాలి. తర్వాత మీ నమూనాల రసాన్నే ఆకులపై రుద్ది పరీక్షించండి. 15 డిగ్రీల దగ్గర ఈ తునకలు తగ్గిపోతాయి కనుక కొరాపుట్ కొండల చలికాలంలోనూ ఒకసారి చూడాలి. తైవాన్‌లో రింగ్ స్పాట్‌ను తట్టుకున్న మొక్కలకు పొలంలో మరో వైరస్ సోకింది. అందుకే మీ తోటల్లో ఇంకే వైరస్‌లు ఉన్నాయో మొదట్లోనే తేల్చుకుని, వాటి ముక్కలనూ అదే హెయిర్‌పిన్‌లో కలపండి.