జ్యూరిక్ నుంచి మిలాన్‌కు రైల్లో: ముందు దారి, తర్వాతే టికెట్

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నుంచి ఇటలీలోని మిలాన్‌కు రైలు ప్రయాణం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఛార్జీలు రైలును బట్టి, కొనే రోజును బట్టి మారిపోతాయి. అందుకే ధరలు రాయడం లేదు.

ప్రశ్న: మేమిద్దరం జ్యూరిక్‌లో దిగి, నాలుగు రోజులు స్విట్జర్లాండ్ చూసి మిలాన్ వెళ్లాలి. నేరుగా రైలు ఉందా? టికెట్ ఎప్పుడు, ఎక్కడ కొనాలి? వెయిటింగ్ లిస్టు భయం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

నేరుగా రైలు ఉంది. యూరోసిటీ అంటారు. జ్యూరిక్ ప్రధాన స్టేషన్ (జ్యూరిక్ హెచ్‌బీ)లో ఎక్కితే సుమారు 3 గంటల 20 నిమిషాల్లో మిలాన్ ప్రధాన స్టేషన్ మిలానో చెంత్రాలేలో దిగుతారు. ట్సుగ్, ఆర్త్-గోల్డావ్, బెల్లింజోనా, లుగానో, కియాసో, కోమో, మోంజా దారిలో వచ్చే ఊళ్లు. అన్ని రైళ్లూ అన్నిచోట్లా ఆగవు. రోజంతా రైళ్లున్నాయి కాబట్టి సమయం దొరకదన్న బెంగ అక్కర్లేదు.

అదే రైలుకు టికెట్‌ను స్విస్ రైల్వే (ఎస్‌బీబీ), ఇటలీ రైల్వే (ట్రెనిటాలియా) రెండూ అమ్ముతాయి. ఒకరు ఫ్రాంకుల్లో, ఇంకొకరు యూరోల్లో. రెండు ధరలూ ఒకేలా ఉండాలని లేదు, రెండు యాప్‌లలోనూ అదే తేదీ, అదే రైలు పెట్టి రూపాయల్లోకి మార్చి చూడండి. ఎస్‌బీబీలో చవగ్గా దొరికేది సూపర్‌సేవర్ టికెట్. దాంతో ఆ ఒక్క రైలే ఎక్కాలి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. వీసా చేతికి రాకముందే ఇది కొనడం మంచిది కాదు. వీసా దరఖాస్తులో చూపించడానికి రైలు ప్రయాణం పథకం రాస్తే చాలు, డబ్బు తిరిగిరాని టికెట్ కొని జతచేయాల్సిన పని లేదు.

వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, తత్కాల్ ఇవేవీ అక్కడ లేవు. సరిహద్దు దాటే యూరోసిటీలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. సీట్లు అయిపోతే ఆ రైలుకు టికెట్ అమ్మరు, అంతే. శుక్రవారం సాయంత్రం, ఈస్టర్ సెలవులు, ఆగస్టు నెల త్వరగా నిండుతాయి. కొన్ని నెలల ముందే అమ్మకం మొదలవుతుంది. ముందు కొన్నవారికి చవక. ఒక్క చిక్కు: యూరప్ అంతటా రైళ్ల కొత్త టైంటేబుల్ ఏటా డిసెంబరు నెల మధ్యలో, ఒక ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది. ఆ తర్వాతి తేదీలకు అమ్మకం ఆలస్యంగా తెరుచుకుంటుంది. క్రిస్మస్ ప్రయాణానికి సెప్టెంబరులో వెతికితే రైలే కనిపించకపోవచ్చు. రైలు రద్దయిందని కంగారుపడి విమానం టికెట్ కొనేయకండి.

ఇంటి దగ్గర ఉండగానే కొనండి. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. ఓటీపీ వచ్చే సిమ్ రోమింగ్‌లో పనిచేయకపోతే అక్కడ స్టేషన్‌లో నిలబడి ఏమీ చేయలేరు.

ప్రశ్న: మా బంధువులు ఇదే రైల్లో వెళ్లి, ఆల్ప్స్ పర్వతాలు చూద్దామనుకుంటే చీకటి సొరంగం తప్ప ఏమీ కనిపించలేదన్నారు. నిజమేనా? కొండలు చూస్తూ వెళ్లే దారి ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

నిజమే. ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. టికెట్ కొన్నాక ఆలోచిస్తే ఆలస్యం.

దారిలో దాటాల్సిన ఆల్ప్స్‌లోని గోథార్డ్ కొండల్లో రెండు రైలు మార్గాలు ఉన్నాయి. పాతది 1882లో మొదలైంది. కొండ ఎక్కి, గ్యోషెనెన్ నుంచి ఐరోలో దాకా 15 కిలోమీటర్ల సొరంగంలో శిఖరాన్ని దాటి, అటువైపు దిగుతుంది. కొత్తది కొండ అడుగునే తవ్విన 57 కిలోమీటర్ల గోథార్డ్ బేస్ టన్నెల్. 2016 జూన్‌లో ప్రారంభించారు, ఆ డిసెంబరు నుంచి రోజువారీ రైళ్లు నడుస్తున్నాయి. లుగానోకు ముందు 15.4 కిలోమీటర్ల చెనేరి టన్నెల్ 2020లో తోడైంది. యూరోసిటీ ఈ రెండింటిలోంచే పోతుంది. ఎర్స్ట్‌ఫెల్డ్ దగ్గర లోపలికి వెళ్తే బోడియో దగ్గర బయటపడతారు, సుమారు 20 నిమిషాలు కిటికీలో మీ ముఖమే మీకు కనిపిస్తుంది.

పాత దారి అలాకాదు. ఒక్కసారిగా ఎక్కలేనంత ఎత్తు కాబట్టి, రైలు కొండ కడుపులోనే గుండ్రంగా తిరుగుతూ పైకి వచ్చేలా చుట్టు సొరంగాలు తవ్వారు. అరకు రైలు ఎక్కినవారికి సొరంగాల మీద సొరంగాలు కొత్తకాదు గానీ, ఇక్కడ ఒకే ఊరు మూడు ఎత్తుల నుంచి కనిపిస్తుంది. వాసెన్ అనే ఊళ్లోని తెల్లటి చర్చి మొదట తలెత్తి చూడాల్సిన ఎత్తులో, తర్వాత కళ్లకు సమంగా, చివరికి బాగా కిందన కనిపిస్తుంది. దక్షిణం వైపు దిగేటప్పుడు ఫాయిడో చుట్టుపక్కల కూడా ఇలాంటి చుట్లే.

ఈ పాత దారిలో ట్రెనో గొట్టార్డో అనే రైలు నడుస్తుంది. రాగి రంగులో ఉంటుంది, వెంటనే గుర్తుపడతారు. ఇలా చేయండి:

జ్యూరిక్ హెచ్‌బీలో ఐఆర్46 అని రాసి ఉన్న ట్రెనో గొట్టార్డో ఎక్కి బెల్లింజోనాలో దిగండి. దీనికి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. బెల్లింజోనాలో లుగానో వైపు వెళ్లే రైలు పట్టుకోండి. లుగానో నుంచి మిలానో చెంత్రాలేకు ఆర్‌ఈ80 అనే ప్రాంతీయ రైలు ఉంది, దానికీ రిజర్వేషన్ లేదు. ఆర్‌ఈ80 లొకార్నో నుంచి వస్తుంది, సాధారణంగా బెల్లింజోనా తగలదు. అక్కడ నిలబడి దానికోసం ఎదురుచూడకండి. మొత్తం ప్రయాణం ఐదు గంటలు అటూ ఇటూ పడుతుంది.

టికెట్‌ను రెండు ముక్కలుగా కొనాలి: జ్యూరిక్ నుంచి లుగానోకు మామూలు స్విస్ టికెట్ ఒకటి, లుగానో నుంచి మిలాన్‌కు ఇంకొకటి. మొదటిది సూపర్‌సేవర్ అయితే అందులో రాసిన రైలే ఎక్కాలి కాబట్టి, అది ట్రెనో గొట్టార్డోకు చెందినదేనా చూసి కొనండి. యాప్‌లో తక్కువ సమయం పట్టే రైలు ముందు కనిపిస్తుంది. "ఎర్స్ట్‌ఫెల్డ్" లేదా "గ్యోషెనెన్" మీదుగా అని పెట్టి వెతికితే పాత దారి రైలు వస్తుంది.

రైలు వెళ్లే దిశకు కుడివైపు కూర్చోండి. ట్సుగ్ సరస్సు, తర్వాత బ్రూనెన్ నుంచి ఫ్లూయెలెన్ దాకా 'ఊరి' అనే పేరున్న సరస్సు ఆ వైపే. యూరోసిటీలో వెళ్లేవారికి కూడా బేస్ టన్నెల్‌లోకి వెళ్లకముందు ఈ సరస్సులు దక్కుతాయి. డిసెంబరు, జనవరిలో సాయంత్రం ఐదింటికే చీకటి. మధ్యాహ్నం బాగా పొద్దుపోయాక బయల్దేరితే పాత దారి ఎంచుకున్నా చూసేదేమీ ఉండదు.

గోథార్డ్ పనోరమా ఎక్స్‌ప్రెస్ అని ప్రచారంలో ఉండేది వేరు. లుసెర్న్ నుంచి పడవలో ఫ్లూయెలెన్ దాకా, అక్కడి నుంచి పెద్ద కిటికీల రైల్లో లుగానో దాకా. సీజన్‌లోనే ఉంటుంది, మొదటి తరగతే. పట్టాలు ఇవే. మా మాట అడిగితే ట్రెనో గొట్టార్డో చాలు, కిటికీ తీరు మారినంత మాత్రాన కొండ మారదు.

ప్రశ్న: మా దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ ఉంటుంది. దానితోనే మిలాన్ దాకా వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

వెళ్లలేరు. పాస్ సరిహద్దు స్టేషన్ కియాసో దాకానే చెల్లుతుంది. ఆపైన కియాసో–మిలాన్ టికెట్ కొనాలి. యూరోసిటీలో అయితే సీటు రిజర్వేషన్ కూడా చేయించాలి. ఇది మరిచిపోయి ఎక్కేవారు చాలామంది, అదనంగా కట్టాల్సి వస్తుంది. ఆర్‌ఈ80లో వెళ్తే ఇటలీ ముక్కకు మామూలు టికెట్ ఒక్కటే సరిపోతుంది.

పాస్ 3, 4, 6, 8, 15 రోజుల చొప్పున వరుస రోజులకు ఇస్తారు. మిలాన్‌కు బయల్దేరే రోజు పాస్‌లో చివరి రోజు అయ్యేలా చూసుకోండి. మర్నాటికి పడితే జ్యూరిక్–కియాసో ఛార్జీ పూర్తిగా మీద పడుతుంది. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు పాస్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ కార్డు కూడా కియాసోతో సరి.

ప్రశ్న: బెర్నీనా ఎక్స్‌ప్రెస్ మీదుగా మిలాన్ చేరవచ్చని విన్నాం. ఒక్క రోజులో కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

కుదురుతుంది, పొద్దున్నే బయల్దేరితే. జ్యూరిక్ నుంచి కూర్‌కు గంటంపావు. కూర్ నుంచి ఇటలీ సరిహద్దు ఊరు తిరానోకు నాలుగు గంటలు పైమాటే. తిరానో నుంచి మిలానో చెంత్రాలేకు రెండున్నర గంటలు. మధ్యలో మారే వ్యవధులు కలిపితే రోజంతా రైల్లోనే.

ఈ దారిలో రైలు 2,253 మీటర్ల ఎత్తున ఉన్న ఓస్పిజియో బెర్నీనా దాకా ఎక్కి, 429 మీటర్ల తిరానోకు దిగుతుంది. నిటారు దారుల్లో రైలు జారకుండా పట్టుకునే పళ్ల పట్టా సాయం లేకుండానే కిలోమీటరుకు 70 మీటర్లు ఎక్కే చోట్లు ఉన్నాయి. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బ్రూజియో దగ్గర గుండ్రటి వంతెన మీద రైలు తన తోకను తానే చూసుకున్నట్టు తిరుగుతుంది.

బెర్నీనా ఎక్స్‌ప్రెస్ పేరున్న రైలుకు రిజర్వేషన్, అదనపు రుసుము రెండూ ఉంటాయి. అవే పట్టాల మీద మామూలు ప్రాంతీయ రైళ్లు కూడా తిరుగుతాయి, రిజర్వేషన్ అక్కర్లేదు, కాకపోతే మధ్యలో మారాలి. వీటిలో కొన్ని బోగీల కిటికీలు దించుకోవచ్చు కూడా, ఫొటోలు తీసేవారికి ఇవే మేలు. తిరానోలో స్విస్ స్టేషన్, ఇటలీ స్టేషన్ పక్కపక్కనే. మిలాన్ రైలు ఎక్కాక మళ్లీ కుడివైపే కూర్చోండి, కోమో సరస్సు అటే.

ప్రశ్న: డెబ్బై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాను. రెండు పెద్ద సూట్‌కేసులు. స్టేషన్లలో ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

సామానుకు తూకం, ఛార్జీ ఉండవు. కూలీలూ ఉండరు. మీరు ఎత్తగలిగినంతే తీసుకెళ్లండి. సామాను పెట్టే చోటు తలుపుల దగ్గర, సీట్ల మధ్య ఉంటుంది, ముందు ఎక్కినవారిదే. స్టాడ్లర్ తయారీ జిరూనో రైళ్లలో ప్లాట్‌ఫాం ఎత్తుకే తలుపులు ఉంటాయి, మోకాళ్ల నొప్పులవారికి ఇవి సుఖం. మలుపుల్లో పక్కకు వంగే పాత రైళ్లలో మెట్లు ఎక్కాలి.

జ్యూరిక్ హెచ్‌బీలో ప్లాట్‌ఫాంలు 3 నుంచి 18 దాకా పైన, 31–34, 41–44 భూగర్భంలో. పైకీ కిందకీ తిరగడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. టికెట్‌లో బోగీ నంబరు ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద ఎ, బి, సి, డి అని భాగాలు రాసి ఉంటాయి, మీ బోగీ ఏ భాగంలో ఆగుతుందో బోర్డు చెబుతుంది. రైలు వచ్చాక పరుగెత్తే పని లేకుండా ముందే అక్కడ నిలబడాలి. మధ్య స్టేషన్లలో ఆగేది రెండు మూడు నిమిషాలే.

మిలాన్‌లో దిగాల్సింది చెంత్రాలేలోనే అని మరోసారి చూసుకోండి. పోర్టా గారిబాల్ది వేరే స్టేషన్. కియాసో నుంచి ఎస్11 అనే లోకల్ రైలు ఎక్కితే అక్కడికి తీసుకెళ్తుంది. చెంత్రాలేలో టికెట్ మెషిన్ దగ్గర, రైలు మెట్ల దగ్గర సాయం చేస్తామంటూ వచ్చేవారికి సామాను అందివ్వకండి.

ప్రశ్న: కియాసోలో పాస్‌పోర్టు తనిఖీ ఉంటుందా? జ్యూరిక్‌లో గడియారం కొనాలనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, విజయవాడ

రెండు దేశాలూ ఒకే వీసా చెల్లే షెంజెన్ కూటమిలో ఉన్నాయి కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుంది, ముద్రలు వేయరు. కానీ పోలీసులు, కస్టమ్స్ సిబ్బంది రైలెక్కి అడగవచ్చు. అసలు పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. అందుకే వీసా గీత లేకపోయినా కస్టమ్స్ గీత కియాసోలో ఉంది. రోడ్డు, రైలు దారుల్లో వచ్చేవారు 300 యూరోల విలువైన కొత్త వస్తువులను మాత్రమే పన్ను లేకుండా తేవచ్చు. 10,000 యూరోలు, అంతకు మించిన నగదు ఉంటే ప్రకటించాలి. మీ తిరుగు విమానం జ్యూరిక్ నుంచే అయితే గడియారం ఆఖరి రోజు కొని, పన్ను వాపసు కాగితం మీద ముద్ర విమానాశ్రయంలో వేయించుకోండి. మిలాన్ నుంచి వెళ్లేట్టయితే ఆ ముద్ర కోసం కియాసోలో దిగాలి, అంటే ఆ రైలు వదులుకోవాలి.

ప్రశ్న: మిలాన్ నుంచి అదే రోజు హైదరాబాద్ విమానం. ఎంత వ్యవధి ఉంచుకోవాలి? సమ్మెలు ఉంటాయంటారు కదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

చెంత్రాలే నుంచి మల్పెన్సా విమానాశ్రయానికి రైల్లోనే గంటకు దగ్గర పడుతుంది. విమానం బయల్దేరే వేళకు కనీసం ఐదు గంటల ముందు మిలాన్‌లో దిగే రైలు ఎంచుకోండి. వీలైతే ముందు రోజు రాత్రికే చేరడం మంచిది. 2023 ఆగస్టు 10న బేస్ టన్నెల్‌లో గూడ్స్ రైలు పట్టాలు తప్పింది, పూర్తిగా బాగుచేసి తెరిచింది 2024 సెప్టెంబరు 2న. ఆ మధ్యకాలంలో చాలా ప్రయాణికుల రైళ్లు కొండ మీదుగా తిరిగి గంట ఆలస్యంగా నడిచాయి. కాబట్టి వారం ముందు ఒకసారి, బయల్దేరే పొద్దున మరోసారి యాప్‌లో రైలు సమయం చూడండి.

ఇటలీలో సమ్మెలు ముందే ప్రకటిస్తారు. "షోపెరో" అన్న మాట కనిపిస్తే అదే. పనిదినాల్లో ప్రాంతీయ రైళ్లకు ఉదయం 6–9, సాయంత్రం 6–9 మధ్య హామీ ఉంటుంది. ఆ వేళల్లో వెళ్లండి. ఒకే టికెట్ మీద గంట దాటి ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగవచ్చు. ముక్కలుగా కొన్న టికెట్లలో మొదటి రైలు ఆలస్యమై రెండోది పోతే మాత్రం ఆ నష్టం మీదే.

ప్రశ్న: పులిహోర, పెరుగన్నం రైల్లో తినొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

తినొచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. జ్యూరిక్ స్టేషన్ దుకాణాల్లో పెరుగు దొరుకుతుంది. ఇండియా నుంచి పాలకోవా, నెయ్యి మిఠాయిలు పెట్టెలో పెట్టుకోకండి. బయటి దేశాల పాల ఉత్పత్తులను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.