ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతోందా?

నమస్తే అండి. ముందు ఎడమ టైరు లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిపోయిందని, రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా తగ్గలేదని రాశారు. ఇది గాలి సమస్యలా లేదు. గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్యభాగం అరుగుతాయి. ఇక్కడ టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కానీ, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండే కోణం) కానీ తప్పి ఉంటుంది.

టైరు మీద అరచేత్తో అడ్డంగా అటూ ఇటూ నిమిరి చూడండి. టైరు లోపలి ఉక్కు తీగలు బయటపడి ఉంటే మాత్రం వద్దు, చెయ్యి కోసుకుంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, రెండోవైపు రంపం పళ్లలా తగిలితే టో తప్పినట్టే. అలా కాకుండా అంచు ఏటవాలుగా నునుపుగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి.

రెండుసార్లు చేయించినా నిలవలేదంటే నాకు వదులైన భాగాల మీదే అనుమానం. చక్రాన్ని కారుకు, స్టీరింగ్‌కు కలిపే లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ అరిగిపోతే మెషిన్ మీద నిలబడ్డప్పుడు కొలత సరిగ్గానే వస్తుంది, రోడ్డెక్కి బ్రేకు వేయగానే చక్రం పక్కకు తిరుగుతుంది. నా కారుకీ ఇదే జరిగింది, బుష్ మార్చాకే ఆగింది. కారు జాకీ మీద లేపించి, చక్రాన్ని పైనా కిందా, తర్వాత పక్కల పట్టుకుని ఊపించండి. వదులుగా కదిలితే ముందు ఆ వదులైన భాగం మార్చి, తర్వాతే అలైన్‌మెంట్.

ఇంకో మాట. చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో ఒక్కటే సర్దగలరు, క్యాంబర్ సర్దలేరు. గుంతలో పడి స్ట్రట్ (చక్రం పైన ఉండే షాక్ అబ్జార్బర్ కాలు) వంగి క్యాంబర్ తప్పితే, దాన్ని మార్చాల్సిందే. అందుకే సర్దకముందు, సర్దాక వచ్చిన కొలతల ప్రింట్ రెండూ అడిగి తీసుకోండి.

గాడి లోతు ఎక్కడైనా 1.6 మి.మీ.కి దిగితే, అంచులోనైనా సరే, ఆ టైరుతో వానలో హైవే ఎక్కకండి, దయచేసి.