నవలను గొంతుకు అప్పగించే ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

నీ కొండవీటి నవల రాతప్రతీ, దాన్ని ఆడియో పుస్తకంగా తెస్తామంటూ విజయవాడ స్టూడియో వాళ్ళు రాసిన ఉత్తరం నకలూ అందాయి. చదివే మనిషిని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలని అడిగావు. గొంతు బాగుందా లేదా అన్నది ఆఖర్న చూడు. చారిత్రక నవల వినేవాళ్ళు ఆ కాలాన్ని నమ్మేది గొంతులోని గాంభీర్యాన్ని బట్టి కాదు. పాత పేర్లూ పాత మాటలూ పక్కింటివాళ్ళ పేర్లు పలికినంత తేలిగ్గా, ఎక్కడా తడుముకోకుండా పలికినప్పుడే నమ్ముతారు. ఆ తేలిక నెరేటర్‌కి వచ్చేలా చెయ్యడం సగం నీ చేతిలోనే ఉంది. అందుకే ఇందులో చదివే మనిషి గురించి ఎంత రాస్తున్నానో, నీ రాతప్రతి గురించీ అంతే రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి. కొండవీటి రెడ్డిరాజుల్నే చూడు. ప్రోలయ వేమారెడ్డి కొడుకులు అనవోతారెడ్డి, అనవేమారెడ్డి. ఆ తర్వాత కుమారగిరి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి. అటు రాజమహేంద్రవరంలో కాటయ వేమారెడ్డి. కాగితం మీదైతే కన్ను ఒక్క క్షణం ఆగి పోల్చుకుంటుంది, కావాలంటే నాలుగు పేజీలు వెనక్కి తిప్పుతుంది. చెవికి ఇవన్నీ వేమారెడ్లే. పైగా వినేవాడు ఆ సమయంలో కనకదుర్గ వారధి మీద బండి నడుపుతూ ఉండొచ్చు, వంటింట్లో పోపు వేస్తూ ఉండొచ్చు. నెరేటర్ ఎంత స్పష్టంగా పలికినా ఈ చిక్కు తీరదు. నువ్వే ప్రతి పేరుకూ ఒక ఆనవాలు తగిలించాలి. అనవోతుడు అద్దంకి నుంచి కొండవీటికి రాజధాని మార్చినవాడు, అనవేముడు అతని తమ్ముడు. అధ్యాయం మొదట్లో ఒకసారి ఆ ఆనవాలు వినిపించు. చాలాసేపు కనబడని పాత్ర తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి వినిపించు. ఒకే సన్నివేశంలో ఇద్దరు వేమారెడ్లు తప్పనిసరైతే ఒకరిని పేరుతో చెప్పి, రెండోవారిని బావగారనో చిన్నదొర అనో వరసతో నడిపించు. బిరుదుల వరస పూర్తిగా రావలసింది సభలో ఒక్కసారే. రెండోసారి వస్తే వినేవాడి బొటనవేలు ముందుకు జరిపే బొత్తాం మీదికి పోతుంది.

అన్నిటికంటే కష్టపడి దిద్దుకోవలసింది సంభాషణలు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి, ‘అన్నాడు దండనాథుడు’ అన్నది మాటంతా అయిపోయాక వస్తుంది. చదివేవాడి కన్ను ముందే అక్కడికి పాకుతుంది, చెవికి ఆ వీలు లేదు. నీ తొమ్మిదో అధ్యాయంలో ఏడు పంక్తుల మాట ఉంది, అది మంత్రిదో రాణిదో ఏడో పంక్తి దాకా తెలియదు. నెరేటర్‌కీ అదే ఇబ్బంది. గట్టిగా చదివేశాక చివర్న ‘గొణిగాడు’ అని చూస్తాడు, మళ్ళీ మొదటినుంచీ రికార్డు చెయ్యాలి. మనిషిని ముందుకు తీసుకురా: “దండనాథుడు తలెత్తలేదు. ‘తెల్లారేదాకా తలుపులు తీయొద్దు’.” ఇలా రాస్తే ‘అన్నాడు’ అవసరమే లేదు. ఇద్దరే మాట్లాడుకుంటుంటే నాలుగు మాటలకోసారి పిలుపు వినబడితే చాలు. ఈ విషయంలో తెలుగు నీకు తోడుంది. నువ్వు, మీరు, తమరు, ఏలినవారు అన్న తేడాతోనే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేలిపోతుంది. ఆ గౌరవవాచకాలు అధ్యాయం అధ్యాయానికీ మారిపోకుండా చూసుకో. కాగితం మీద ఎవరూ పట్టించుకోని ఈ పొరపాటు చెవికి వెంటనే గుచ్చుకుంటుంది.

ఇక పలుకుబడి పట్టిక. నవలలోని వ్యక్తుల పేర్లు, ఊళ్ళు, పదవులు, ఆయుధాలు, నాణేలు, కొలతలు అన్నీ రాతప్రతి మొదటినుంచీ ఏరి, పక్కన విరుపు, అర్థం, పేజీ సంఖ్య రాయి. నీ నవలకు నూట యాభై మాటలైనా తేలతాయి. ఆమడ, పుట్టి, తూము, మాడ లాంటివాటికి అర్థం తప్పకుండా రాయి. అర్థం తెలియని మాట దగ్గర ఎంత అనుభవం ఉన్న గొంతైనా అరక్షణం తటపటాయిస్తుంది, ఆ తటపటాయింపు వినబడుతుంది. పట్టిక మొత్తం నీ గొంతుతో ఫోన్లో చదివి, అధ్యాయానికో ఫైలు చొప్పున పంపు.

పట్టికలో ‘చ, జ’ల మీద ప్రత్యేకంగా గుర్తు పెట్టు. ఇవి ఒక్కొక్కటీ రెండు రకాలుగా పలుకుతాయి, మన అచ్చులో ఆ తేడా కనబడదు. చల్ల, చాప, జొన్న అన్నప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది. చెట్టు, జెండా అన్నప్పుడూ, చరిత్ర, చక్రం, జయం లాంటి సంస్కృత పదాల్లోనూ అంగిటికి తగులుతుంది. తెలుగు తక్కువ చదువుకున్న కొత్త గొంతులు అన్నిటినీ రెండో రకంగానే పలికేస్తాయి. ఇక ఖడ్గం కడ్గమైపోవడం, ధరణికోట దరణికోట కావడం, శాసనం షాసనం కావడం తరచూ జరిగేవే. వీటికి బెదిరి, ఒత్తు లేనిచోట కూడా ఒత్తి పలికేవాళ్ళతో ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది వినేవాడికి నాటకంలా తోస్తుంది. ఊరి పేరు బెజవాడ అనుకుంటే చివరిదాకా బెజవాడే అను. చాళుక్యరాజు యుద్ధమల్లుడి శాసనంలో ఉన్నదీ ఆ పేరే. అమరావతి, ధరణికోట, ధాన్యకటకం అన్నవి ఒకచోటే కలిసిపోకుండా ఎక్కడ ఏది వాడాలో నిర్ణయించుకుని రాసిపెట్టు.

సంవత్సరాలను అంకెల్లో వదిలిపెట్టకు. శక సంవత్సరం 1437 అని ఉంటే ఒక రోజు ‘పద్నాలుగు వందల ముప్పై ఏడు’ అనీ, ఇంకో రోజు ‘వెయ్యిన్నీ నాలుగు వందల ముప్పై ఏడు’ అనీ చదువుతారు. ఎలా చదవాలో అక్షరాల్లో రాసివ్వు. శకానికి 78 కలిపితే మన 1515, రాయలు కొండవీడు పట్టుకున్న ఏడు. కథ నడిచేటప్పుడు ‘రాయలు కోట పట్టిన ఏడు’ అంటే చాలు, అంకె కన్నా అదే గుర్తుంటుంది. పేజీల అడుగున పెట్టిన అధోజ్ఞాపికలన్నీ తీసెయ్యి. తప్పనిసరైనవాటిని కథలో కలుపు, మిగిలినవాటితో ఆఖర్న ఐదు నిమిషాల ‘రచయిత మాట’ చెయ్యి. అది మొదట్లో పెడితే కథ మొదలయ్యేలోపే జనం వెళ్ళిపోతారు.

నెరేటర్‌ని పరీక్షించడానికి మూడు భాగాలివ్వు, ఒక్కొక్కటి రెండు నిమిషాలు: పేర్లు దండిగా ఉన్న వంశవర్ణన ఒకటి, ఇద్దరు ఆడవాళ్ళ నిదానమైన మాటలు ఒకటి, యుద్ధం ఒకటి. పట్టిక కూడా ముందే పంపు. చదివి వచ్చి ప్రశ్నలు అడిగే మనిషిని పట్టుకో, గొంతు కాస్త సాధారణంగా ఉన్నా పరవాలేదు. ఏమీ అడగకుండా మైకు ముందు కూర్చునేవాళ్ళతో పది గంటల పుస్తకం నడవదు.

మన ప్రాంతంలో మంచి గొంతులు చాలావరకు నాటకంలోంచో రేడియోలోంచో వస్తాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, అప్పటినుంచీ రేడియో నాటకం అంటే మనకు ప్రాణం. కానీ నాటకంలో పాత్రకో నటుడు ఉంటాడు, గుర్రపు డెక్కలకు వేరే శబ్దం ఉంటుంది. ఆడియో పుస్తకంలో ఉన్నది ఒక్క గొంతే. ఆ గొంతు రాజుకు ఖంగుమనే కంఠం, ముసలిదానికి వణుకు, పిల్లవాడికి కీచు తెచ్చిపెడితే మూడో అధ్యాయానికి వినేవాడు అలిసిపోతాడు, పదిహేనో అధ్యాయానికి చదివేవాళ్ళ గొంతు బొంగురుపోతుంది. పాత్రల తేడా వేగంలో, విరామంలో చూపించమను. మంత్రి జవాబిచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, దండనాథుడు అవతలివాడి మాట పూర్తికాకముందే అందుకుంటాడు. స్త్రీ గొంతు పురుష పాత్రలు చెప్పేటప్పుడు స్థాయి కొంచెం దించితే చాలు. ఇంకొకటి, ఇది నాకు బాగా కోపం తెప్పించే విషయం: రాజుకు పుస్తకాల తెలుగు, కాపువాడికీ పల్నాటి భటుడికీ నవ్వు పుట్టించే యాస పెట్టడం. ఆ కాలంలో ఎవరు ఎలా మాట్లాడారో నమోదు చేసిన శబ్దం ఏదీ లేదు, ఉన్న తేడానల్లా మనమే కల్పిస్తాం. నువ్వు రాసిన మాటతీరు చాలు, దానిమీద యాస పులమొద్దని ముందే చెప్పు.

పద్యం వచ్చినచోట రాగం వద్దు. సీసపద్యంలో ఒక్కో పాదం రెండు ముక్కలు, నాలుగు పాదాలకు ఎనిమిది. ఊపిరి తీసుకునే చోట్లు అర్థాన్ని బట్టి గీతలు గీసి ఇవ్వు. సీసం చివర వచ్చే చిన్న పద్యం, ఎత్తుగీతికి ముందు ఒక నిట్టూర్పంత ఆగాలి. కుదిరితే నెరేటర్‌ని కార్తీకంలో కారంపూడికి తీసుకెళ్ళు. పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యవంతులు పేరు వచ్చినచోట ఎలా నిలబడతారో, వర్ణనలో ఎలా పరుగెడతారో దగ్గరుండి వింటే పది పాఠాలు చెప్పక్కర్లేదు.

వేగం విషయంలో గడియారమే నమ్ము. ఐదు నిమిషాలు చదివించి మాటలు లెక్కపెట్టి పన్నెండుతో హెచ్చవేస్తే గంటకెన్నో తెలుస్తుంది, దాన్నిబట్టి పుస్తకం నిడివి వేసుకోవచ్చు. మరీ నిదానంగా చదివితే వినేవాళ్ళు ఒకటింపావు వేగంలో పెట్టుకుంటారు, అప్పుడు నీ పద్యాలు పాడైపోతాయి.

స్టూడియో పని వాళ్ళకు తెలుసు, రెండు సంగతులు మాత్రం అడుగు. ఆడియో పుస్తకాలు అమ్మే ఆడిబుల్‌కి పంపే ఉద్దేశం ఉంటే నిశ్శబ్దంలో వినబడే రొద మైనస్ 60 డెసిబెళ్ళు మించకూడదు, ఎంత పెద్ద అరుపూ మైనస్ 3 దాటకూడదు. మేలో ఏలూరు రోడ్డు వైపు ఫ్యాను, ఏసీ కట్టేసి కూర్చోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? తెల్లవారుజామున పెట్టుకోమను. రెండోది, ఒక్కో పాత్ర గొంతు అర నిమిషం విడిగా దాచమను. రికార్డింగ్ పది రోజులు సాగుతుంది, రోజూ మొదలుపెట్టే ముందు అది వింటేనే నిన్నటి అనవోతుడు ఇవాళా అలాగే పలుకుతాడు. దిద్దుబాట్లు కూడా అదే మైకులో, అదే జానెడు దూరంలో, అదే పొద్దులో చేయించు. లేకపోతే వాక్యం మధ్యలో మనిషి వేరే గదిలోకి నడిచి వెళ్ళినట్టుంటుంది. పూర్తయ్యాక రాతప్రతి ముందు పెట్టుకుని మొత్తం విను, తప్పు దొరికినచోట నిమిషం, క్షణం రాసుకో.

తొమ్మిదో అధ్యాయం తిరగరాశాక, పట్టికతో కలిపి నాకో నకలు పంపు. అనవోత, అనవేమల దగ్గర ఏ ఆనవాళ్ళు పెట్టావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో