లండన్–టోక్యో: 9,590 కిలోమీటర్లకు 14 గంటలు ఎందుకు పడుతుంది?

లండన్ నుంచి టోక్యో 9,600 కిలోమీటర్ల లోపే, విమానం గంటకు 900 పోతుంది, మరి టికెట్ మీద 14 గంటలు ఎందుకని మీ ప్రశ్న. మీ లెక్క సరైనదే. విమానం మాత్రం ఆ దారిన పోవడం లేదు.

ముందు దూరం. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. అసలు దగ్గరి దారి స్కాండినేవియా, సైబీరియాల మీదుగా ఉత్తరానికి వంపు తిరుగుతుంది. ఆ దూరం లెక్క ఇదీ: లండన్ విమానాశ్రయం హీత్రూ 51.47 డిగ్రీల ఉత్తరం, 0.45 పశ్చిమం, టోక్యో విమానాశ్రయం హనేదా 35.55 ఉత్తరం, 139.78 తూర్పు. రెండు అక్షాంశాల సైన్‌లను గుణిస్తే 0.4548. వాటి కొసైన్‌లను, రేఖాంశాల తేడా 140.23 కొసైన్‌తో కలిపి గుణిస్తే మైనస్ 0.3895. రెండూ కలిపితే 0.0653, దీని కాస్ ఇన్వర్స్ (అంటే ఆ కొసైన్ ఉన్న కోణం) 86.26 డిగ్రీలు. భూమి మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దాదాపు 9,590 కిలోమీటర్లు. జవాబు వింతగా వస్తే కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక రేడియన్లలో ఉందేమో చూడండి. పశ్చిమ రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోతే తేడా 139.33 అయిపోతుంది.

దాన్ని 900తో భాగిస్తే 10 గంటల 40 నిమిషాలు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపి ఇంకో గంట వేసుకోండి. ఒకప్పుడు టైమ్‌టేబుల్ కూడా దాదాపు ఇలాగే, 12 గంటల లోపు ఉండేది.

2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ విమానాలకు రష్యా గగనతలం మూసేసింది. జపాన్ సంస్థలూ అటు వెళ్లడం మానేశాయి. ఇప్పుడు వెళ్లేటప్పుడు టర్కీ, కాస్పియన్, మధ్య ఆసియా, చైనాల మీదుగా చుట్టు తిరుగుతారు. వచ్చేటప్పుడు జపాన్ విమానాలు చాలాసార్లు పసిఫిక్, అలాస్కా, గ్రీన్‌లాండ్ దారి పడతాయి. మ్యాపు మీద చూస్తే వెర్రిగా ఉంటుంది గానీ, జెట్ స్ట్రీమ్ అనే బాగా పైన వీచే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో జపాన్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులూ ఉంటాయి. దానికి ఎదురెళ్లే కన్నా వెనక గాలిగా వాడుకోవడమే నయం. హెల్సింకి–టోక్యో అయితే మరీ దెబ్బతింది: తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 అయింది.

గడియారం దగ్గరా చాలామంది తికమకపడతారు. చలికాలంలో టోక్యో 9 గంటలు ముందుంటుంది. లండన్‌లో ఉదయం 11కి బయల్దేరి మర్నాడు ఉదయం 10కి దిగితే 23 గంటలు కనిపిస్తాయి. 9 తీసేస్తే 14. తిరుగు ప్రయాణంలో తేడాను కలపాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా లండన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, జపాన్‌ది జరగదు. ఆ రోజుల్లో తేడా 8 గంటలే.

దూరం కొడితే గంటలు చెప్పే సైట్లను ఈ దారికి నేనైతే నమ్మను. అవి గాలినీ మూసిన గగనతలాన్నీ లెక్కలోకి తీసుకోవు. ఎయిర్‌లైన్ సొంత టైమ్‌టేబుల్‌లో మీరు వెళ్లే నెల పెట్టి, రానూ పోనూ విడివిడిగా చూడండి.