ముద్ర లేని ముద్రణ

సందేహం: మా అమ్మమ్మ పాడిన మంగళహారతిని ఫోన్‌లో రికార్డు చేసి, కింద 'ధ్వనిముద్రణ' అని నా పేరు వేసుకున్నాను. "డిజిటల్లో ముద్ర ఎక్కడుంది? శబ్దగ్రహణం అనాలి" అని స్నేహితుడు తీసిపారేశాడు. ఎవరిది సరి? ధ్వనిని అంకెలుగా మార్చేటప్పుడు చేసే శాంప్లింగ్‌ని 'నమూనా సేకరణ' అనొచ్చా?

సమాధానం: మీ మాట మీరు ఉంచుకోండి. మీ స్నేహితుడిదీ తప్పు కాదు, కాకపోతే అది వేరే పనికి పేరు. గ్రహణమంటే పట్టుకోవడం. సూర్యుణ్ణి రాహువు పట్టినా, గాలిలో కదలికను మైకు పట్టినా ధాతువు ఒకటే. పట్టినది నిలవాలంటే ఎక్కడో గుర్తు పడాలి, అది ముద్రణ. 1877లో ఎడిసన్ యంత్రంలో సూది తగరపు రేకు మీద నిజంగానే నొక్కులు పెట్టింది. మీ ఫోన్‌లో నొక్కులు లేవు, ఉన్నవి అంకెలే. అయితేనేం? తాటాకు మీద గంటంతో గీసిన నాటి 'రాయడం' కీబోర్డు దాకా రాలేదా!

అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. నమూనా అనగానే అన్నం మెతుకు గుర్తొస్తుంది. ఒకటి పట్టి చూస్తే కుండ సంగతి తెలుస్తుంది. ధ్వనికి ఆ లెక్క చెల్లదు, ఒక్క మెతుకుతో హారతి వినపడదు. సమాన వ్యవధిలో వరసగా కొలుస్తూనే పోవాలి. సీడీలో అయితే సెకనుకు 44,100 సార్లు. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వింటుంది. అంత వేగాన్ని పట్టాలంటే రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి మరి. కొలిచిన ప్రతిసారీ యంత్రం ధ్వని అల ఎత్తును ఒక అంకెగా రాసుకుంటుంది. ఆ అంకెకు 16 బిట్లు, అంటే సున్నానో ఒకటో పట్టే 16 గళ్లు ఇస్తే, ఎత్తు కొలవడానికి 65,536 మెట్లు. ఇది మచ్చు చూడడం కాదు, కొలత. తెలుగే కావాలంటే సెకనుకు ఎన్ని 'కొలతలు' అనండి, బాగానే ఉంటుంది. స్టూడియోలో మాత్రం 'శాంపుల్ రేటు' అంటేనే పని జరుగుతుంది. నేనైతే శాంప్లింగ్ అనే రాస్తాను.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. మైకు దగ్గర గట్టిగా పాడితే 'సౌండు పగిలింది' అంటారు చూడండి, అది నాకు చాలా ఇష్టమైన మాట. పైమెట్టు దాటిన అలకు రాయడానికి అంకె మిగలదు, తల నరికినట్టు చదునైపోతుంది. అమ్మమ్మ గొంతెత్తిన చోట అలా పగిలి ఉంటే, తర్వాత వాల్యూం తగ్గించినా అతకదు. ఫోన్‌ని మూరెడు వెనక్కి జరిపి మళ్లీ పాడించుకోండి.