యూరప్‌లో ఎయిర్‌బేస్ పోస్టింగ్: కుటుంబంతో వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

అమెరికా ఎయిర్‌ఫోర్స్ కుటుంబానికి జర్మనీలోని రామ్‌స్టైన్, ఇటలీలోని అవియానో, ఇంగ్లండ్‌లోని లేకెన్‌హీత్‌లలో ఏది మేలని అడిగారు. ముందు కమాండ్ స్పాన్సర్‌షిప్, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి మిలిటరీ ఇచ్చే అనుమతి, సంగతి తేల్చుకోండి. అది ఉంటేనే ఇంట్లోవాళ్ల ప్రయాణ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. అప్పుడు మామూలుగా 36 నెలలు ఉండాలి, ఒంటరిగా వెళితే 24. ఇంటిల్లిపాది ఆరోగ్య వివరాలూ పరిశీలిస్తారు. పిల్లలకు కావాల్సిన వైద్యం ఆ బేస్ దగ్గర లేకపోతే అనుమతి ఆగిపోవచ్చు, కాబట్టి ఏదీ దాచకండి.

చిన్నపిల్లలుంటే నేను రామ్‌స్టైనే అంటాను. పక్కనే లాండ్‌స్టూల్‌లో పెద్ద మిలిటరీ ఆసుపత్రి ఉంది. లేకెన్‌హీత్‌లో భాష ఇబ్బంది లేదు, అయితే బండి ఎడమవైపు నడపాలి.

కుక్కను తీసుకెళ్తుంటే మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ముందు, రేబిస్ టీకా తర్వాత. వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాల్సిందే. అమెరికాలో కొన్న మిక్సీని అక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది, దాన్ని ఇంటి దగ్గరే వదిలేయండి.