మోటార్‌హోమ్ మురుగు ట్యాంకు: వాల్వు తెరిచి ఉంచవచ్చా?

ప్రశ్న: మా మోటార్‌హోమ్‌ను (ఇంటి వసతులున్న వాహనాన్ని) వారాల తరబడి ఒకేచోట నిలిపి, మురుగు కనెక్షన్‌కు గొట్టం తగిలించి, మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును తెరిచే ఉంచుతున్నాము. అయినా దుర్వాసన తగ్గడం లేదు. మీటరు ఎప్పుడూ ట్యాంకు నిండినట్లే చూపుతోంది. కారణమేమిటి?

జవాబు: వాల్వును తెరిచి ఉంచడమే కారణం కావచ్చు. నీరు ఎప్పటికప్పుడు జారిపోగా, మలం, కాగితం మాత్రం కమోడ్‌కు సరిగ్గా కింద కుప్పగా పేరుకొని గట్టిపడతాయి. ముందుగా వాల్వు మూసి, ట్యాంకులో నీరు నింపి, ఒక రోజు నాననిచ్చి, ఆపై వాల్వు తెరిచి ఖాళీ చేయండి; మొండిగా ఉంటే మళ్లీ అదే పని చేయవలసి ఉంటుంది. ఇకపై ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండిన తరువాతే వాల్వు తెరిస్తే, ఒక్కసారిగా దూకే నీటి వేగమే లోపలున్నదంతా ఊడ్చుకుపోతుంది. ఖాళీ చేశాక కొన్ని లీటర్ల నీరు పోసి ఉంచండి, ఫ్లష్ విషయంలో పిసినారితనం వద్దు. స్నానం, సింకు నీళ్ల ట్యాంకును చివర వదిలితే ఆ సబ్బునీటితో గొట్టమూ కడిగినట్లవుతుంది. ఇక మీటరంటారా, సెన్సరు మొనలకు తడి కాగితం అంటుకున్నా అది నిండుగానే చూపుతుంది కనుక దానిని నేను పెద్దగా నమ్మను. మురుగు గొట్టాన్ని కడిగే పైపును మాత్రం తాగునీటికి ఎన్నడూ వాడకండి.